ఉత్తరాలమ్మ కూతురు

మా అమ్మ దగ్గర జవాబు లేని ప్రశ్న లేదు. అదే ఆవిడ ఉద్యోగం. ఆదివారం పేపరు నాలుగో పేజీలో 'చెప్పుకుంటే తప్పేంటి' అని ఒక శీర్షిక వస్తుంది. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలు తమ బాధలు రాసి పంపుతారు, అమ్మ వాటికి జవాబులు రాస్తుంది. పదకొండేళ్లుగా రాస్తోంది. ఊళ్లో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. కూరగాయల కొట్టు దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ ఆవిడ ఉత్తరాలమ్మ. నేను ఉత్తరాలమ్మ కూతుర్ని. నాకూ ఒక పేరుందన్న సంగతి హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ అవసరం పడదు.

గురువారం సాయంత్రం పేపరాఫీసు నుంచి ఒక గుడ్డసంచీ నిండా ఉత్తరాలు వస్తాయి. అమ్మ వాటిని భోజనాల బల్ల మీద కుమ్మరించి మూడు కుప్పలు చేస్తుంది. అచ్చు వేయాల్సినవి ఒకటి. అచ్చు వేయకుండా ఇంటి అడ్రసుకి సొంతంగా జవాబు రాయాల్సినవి రెండోది. ఏమీ తోచక కాలక్షేపానికి రాసినవి మూడోది. కుప్పకో రబ్బరు బ్యాండు వేస్తుంది. శుక్రవారమంతా జవాబులు రాస్తుంది. శనివారం పొద్దున నా వంతు వస్తుంది.

నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో ఉత్తరాన్నీ, దాని జవాబునూ అమ్మ పైకి చదువుతుంది. నేను విని, నచ్చితే మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాలి. నా పదమూడో ఏట మొదలైంది ఈ కొలువు. అప్పట్నుంచీ శీర్షిక అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం అచ్చవుతోంది: 'ఇక్కడి ప్రతి జవాబునూ మా ఇంట్లోని పదహారేళ్ల అమ్మాయి చదివి, ఒప్పుకున్నాకే మీకు అందిస్తున్నాం.' ఏడాదికోసారి అందులో అంకె మారుతుంది. నా పుట్టినరోజు అలా పేపర్లో పడుతుంది.

ఆ వాక్యానికి అర్థం ఏమిటో తెలుసా? ఈ జవాబులు రాసే ఇంట్లోనే ఒక పిల్ల ఉంది, ఆ పిల్ల లక్షణంగా ఉంది, కావాలంటే చూసుకోండి అని. మందు సీసా మీద వేసే ముద్ర ఉంటుందే, అది నేను.

ఇంట్లో మూడో మనిషి నాన్న. కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. కొట్టులో వందమందికి చూపు సరిచేసి వచ్చి, ఇంట్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు. ఏదడిగినా "మీ అమ్మనడుగు" అంటాడు. ఇంట్లో అన్నిటికీ జవాబులు చెప్పే మనిషి ఒకరుండగా తను నోరు విప్పడం ఎందుకని ఆయన ఉద్దేశం.

ఇక నా సంగతి.

పదకొండో తరగతిలో చేరిన రెండో నెల, ఒక మంగళవారం, కెమిస్ట్రీ మాస్టారు బోర్డు మీద ఏదో సమీకరణం రాస్తుండగా నా గొంతు పట్టేసింది. నొప్పి కాదు. లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు. వేళ్ల కొసలు చల్లబడ్డాయి. గుండె చప్పుడు చెవుల్లో వినపడింది. ఇక్కడే, ఈ బెంచీ మీదే, నలభై మంది చూస్తుండగా చచ్చిపోతానని గట్టిగా అనిపించింది. పది నిమిషాలకి దానంతటదే పోయింది. మాస్టారు ఇంకా అదే సమీకరణం దగ్గర ఉన్నారు. పక్కనున్న పిల్లకి తెలియను కూడా తెలియలేదు.

ఆ తర్వాత అది బస్సులో వచ్చింది. క్యాంటీన్ వరసలో వచ్చింది. మెట్ల మీద వచ్చింది. కొన్నాళ్లకి అది రాని రోజున కూడా వస్తుందేమో అన్న భయం రావడం మొదలైంది. అసలుదాని కంటే ఈ భయమే పాడుది.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, దీనికో కారణం లేదు. అమ్మకి రాసే పిల్లలందరికీ కారణాలున్నాయి. ఒకడి తండ్రి తాగొచ్చి సామాన్లు విసిరేస్తాడు. ఒకమ్మాయిని స్నేహితురాళ్లు కూడబలుక్కుని వెలేశారు. ఇంకొకడు ఒకే పరీక్ష మూడుసార్లు తప్పాడు. మరి నాకేమొచ్చింది? తిండికి లోటు లేదు, తిట్టేవాళ్లు లేరు, మార్కులు పరవాలేదు. మూడేళ్లుగా లోకంలోని కష్టాలన్నీ విని టిక్కులు పెట్టినదాన్ని, ఏ కష్టమూ లేకుండా కష్టపడుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అయినా చెప్పాను. చెప్పలేదని రేపు నన్నెవరూ అనకూడదు. రెండుసార్లు చెప్పాను.

మొదటిసారి గురువారం చెప్పాను. నాదే బుద్ధితక్కువ, గురువారం ఎవరైనా చెబుతారా? అమ్మ కుప్పల్లో తల దూర్చి ఉంది. "అమ్మా, క్లాసులో నాకు ఊపిరాడట్లేదు" అన్నాను. "కిటికీ పక్కన కూర్చోవే" అంది, తల ఎత్తకుండానే. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను, ఆవిడ ఇంకో కవరు చింపింది.

రెండోసారి ఖాళీగా ఉన్న రోజు చూసుకుని చెప్పాను. ఈసారి పూర్తిగా వింది. కుర్చీ దగ్గరకి లాక్కుని నా చేయి పట్టుకుంది. "ఎలా ఉంటోందమ్మా? నీ మాటల్లో చెప్పు" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "గొంతులో ఎవరో పిడికిలి బిగించినట్టుంటుంది" అన్నాను. "అబ్బ! ఎంత బాగా చెప్పావే!" అని ఖాళీగా ఉన్న చేత్తో పెన్ను కోసం తడుముకుంది.

రెండు వారాలకి పేపర్లో వచ్చింది, శనివారం నాకు చదివి వినిపించకుండా తర్వాత కలిపిన ముక్క. 'మా అమ్మాయి కూడా ఈమధ్య గొంతులో ఎవరో పిడికిలి బిగించినట్టుంటోందని నాతో చెప్పుకుంది. చెప్పుకుంది, తేలికపడింది. మీరూ చెప్పుకోండి.'

తేలికపడిందట! సోమవారం నేను క్లాసులో అడుగుపెట్టేసరికి కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. వెనక బెంచీలవాళ్లు అట్టలు పట్టుకుని విసురుతున్నారు. "జరగండి జరగండి, ఉత్తరాలమ్మ కూతురికి గాలి తగలనివ్వండి!" అని ఒకటే గోల. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అదొక సమస్య అవుతుంది, సమస్య అయితే అదీ పేపర్లో పడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ ఆశగా అడిగింది. "మీ వాళ్లు చదివారా? ఏమన్నారే?"

"బావుందన్నారు."

ఆ రోజుతో మా ఇంట్లో నాకు బాధలన్నీ తీరిపోయాయి.

స్కూల్లో మాత్రం అది ముదిరింది. పొద్దున గేటు కనబడగానే కాళ్లు బరువెక్కేవి. ఇంట్లో తలుపు వేసుకుంటే ఎందుకు వేసుకున్నావంటారు, తీసి కూర్చుంటే ఎందుకలా ఉన్నావంటారు. ఎందుకూ లేదు, తలనొప్పి, అని ఎన్నిసార్లని చెప్పను? ఇంట్లో ముద్రలాగా, స్కూల్లో నవ్వులాటలాగా ఉండి ఉండి, అసలు నేను ఉండటానికి ఎక్కడా చోటు లేకుండా పోయింది. చివరికి ఒక రోజు సందు చివర జిరాక్సు కొట్టుకెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఉత్తరం టైపు చేశాను. ఊళ్లో ఇలాంటివి ఎవరికి రాసుకుంటారు? ఉత్తరాలమ్మకే. నేనూ ఆవిడకే రాశాను. పిడికిలి మాట మాత్రం ఎక్కడా రానివ్వలేదు.

'అమ్మగారికి. నాకు పదహారేళ్లు. నన్నెవరూ ఏమీ అనలేదు, నాకే కష్టమూ లేదు. రోజూ స్కూలు గేటు చూడగానే, లోపలికెళ్తే మళ్లీ బయటికి రానేమో అనిపిస్తుంది. అయినా వెళ్తాను. అందరితో నవ్వుతాను. ఇంటికొచ్చాక దవడలు నొప్పెడతాయి. మా వాళ్లు మంచివాళ్లు. నేను బాగున్నానని ఊరందరికీ చెప్పేశారు, అందుకే వాళ్లకి చెప్పలేను. ఈమధ్య మెట్లు దిగుతుంటే, కాలు జారి పడితే నెల రోజులు ఆస్పత్రిలో పడుకోవచ్చు కదా అనిపిస్తోంది. చచ్చిపోవాలని లేదు. ఎవరూ నన్ను చూడని చోట కొన్నాళ్లు ఉండాలని ఉంది. జవాబు రాయకపోయినా పరవాలేదు. ఎవరో ఒకరు చదివితే చాలు.'

పేరు రాయలేదు. అడ్రసు రాయలేదు. పోస్టు డబ్బాలో వేశాక, వెనక్కి తీసుకునే వీలుంటే బావుండునని అక్కడే కాసేపు నిలబడ్డాను.

గురువారం సంచీ వచ్చింది. నేను బల్లకి ఇటు చివర రికార్డు బుక్కులో బొమ్మలు గీసుకుంటున్నాను, అంటే గీస్తున్నట్టు కూర్చున్నాను. అమ్మ కవర్లు చింపుతోంది, కుప్పల్లో పడేస్తోంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే నా కాగితం ఆవిడ చేతిలో ఉంది. ఒకసారి చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. ఏ కుప్పలోనూ వేయలేదు. బల్ల మీద మిగతావన్నీ పక్కకి జరిపి, ఖాళీ చోట దాన్నొక్కదాన్నే పెట్టింది.

"ఏమైందమ్మా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఎవరో పిల్ల" అంది. "ఎంత నలిగిపోతోందో పాపం." కళ్లు తుడుచుకుంది. పదకొండేళ్లలో ఉత్తరం చదివి అమ్మ ఏడవగా నేను చూడలేదు. కవరు తిప్పి చూసింది. "అయ్యో, అడ్రసు లేదే! నేనిప్పుడు ఈ పిల్లకెలా రాసేది?"

ఆ సాయంత్రం అమ్మ భోజనం సరిగ్గా చేయలేదు. నాన్నకి ఆ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించింది. నేను కూర వడ్డించుకుంటూ నా ఉత్తరాన్ని నేనే విన్నాను. చెప్తే నవ్వుతారేమో, నాకు కుళ్లుగా ఉంది. ఎవరి మీద? ఆ ఉత్తరం మీదే. ఆ కాగితం వంక చూసినట్టు అమ్మ నా వంక చూసి ఎన్నాళ్లైందో లెక్కపెట్టుకున్నాను. పళ్లెం కడిగేసి వెళ్లి పడుకున్నాను. నేను లేచి వెళ్లడం ఇద్దరూ గమనించలేదు.

శనివారం మిగతా ఉత్తరాలు గబగబా చదివేసి, చివరికి దీని జవాబు తీసింది.

"మీ అమ్మకి చెప్పు తల్లీ. ఒక్కసారి నోరు తెరిచి చెప్పు. బిడ్డ బాధ వినని తల్లి ఉండదు..." పేజీన్నర చదివి, ఎర్ర పెన్ను నా వైపు తోసింది. నేను తీసుకోలేదు.

"ఏమే, బాలేదా?"

"ఇది కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు?"

"వాళ్లమ్మకి చెప్పగలిగితే నీకెందుకు రాస్తుంది?"

అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత పేజీన్నరనీ అడ్డంగా కొట్టేసింది. లేచొచ్చి నా తల మీద ముద్దు పెట్టుకుంది. "నువ్వు లేకపోతే నా గతేం కానే! నిజమే, అది జవాబే కాదు. సరే, నువ్వే చెప్పు. ఆ అమ్మాయి స్థానంలో నువ్వుంటే ఏం వినాలనుకుంటావు?"

ఇంతకంటే మంచి సమయం రాదు. నోరు తెరిచాను కూడా. "అమ్మా, ఒకవేళ ఆ అమ్మాయి..."

"అసలు ఆ పిల్ల కాదే, ఆ తల్లిని తలుచుకుంటే నా ఒళ్లు మండిపోతోంది" అంది అమ్మ. "ఇంట్లో పిల్ల మెట్ల మీంచి పడిపోతే బావుండుననుకుంటోందంటే ఆవిడేం చేస్తోంది? కళ్లు పోయాయా? నా కూతురైతే ఇంతదాకా రానిస్తానా?"

"అందరూ నీలా ఉండరు కదా" అన్నాడు నాన్న, పేపరు వెనకనుంచి. ఆయన నోటి నుంచి మాట రాక రాక వచ్చి, సరిగ్గా అప్పుడు రావాలా?

"నీకూ అప్పట్లో ఇలాగే ఉండేది, గుర్తుందా?" అమ్మ నా గడ్డం పట్టుకుంది. "నువ్వు నాతో చెప్పుకున్నావు కాబట్టి పోయింది. పోయింది కదూ?"

"పోయింది" అన్నాను.

ఏమనమంటారు? ఉందని చెప్తే, ఆ కళ్లు పోయిన తల్లి ఆవిడే అవుతుంది. పదకొండేళ్ల జవాబులన్నీ అబద్ధాలవుతాయి. అడుగున అచ్చయ్యే ఆ వాక్యం ఊరి ముందు పచ్చి మోసం అవుతుంది. చెప్పకపోతే నాకు మెట్లున్నాయి. ఎటు తిరిగినా గోడే. రాయకుండా ఉన్నప్పుడే నయం, అప్పుడు కనీసం చెప్పొచ్చులే అన్న ఆశ ఉండేది.

అమ్మ ఊరుకునే మనిషైతే ఎంత బావుండేది! ఊరుకోలేదు. ఉత్తరం పట్టుకుని పరిశోధన మొదలుపెట్టింది.

"ముద్ర మన ఊరి పోస్టాఫీసుదే. అంటే పిల్ల ఇక్కడే ఉంది. చేత్తో రాయకుండా టైపు చేసింది, అంటే చేతిరాత గుర్తుపడతారని భయం. ఎవరు గుర్తుపడతారు? ఉత్తరాలు ముందు చేరేది మా ఆఫీసుకి. పైగా 'ఊరందరికీ చెప్పేశారు' అంటోంది. ఊరందరికీ చెప్పేది ఎవరే?"

ఇంక అయిపోయింది, తెలిసిపోయింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, హమ్మయ్య అని కూడా అనుకున్నాను.

"పేపరువాళ్లు!" అంది అమ్మ. "పోయిన నెల మా ఎడిటర్ తన కూతురు ఈతలో గెలిచిందని ఫొటో వేయించాడు చూశావా? ఆ పిల్లే! మీ స్కూలే కదూ?"

ఎడిటర్ గారమ్మాయి నా పక్క సెక్షను. ఆరోగ్యం పొంగిపొర్లుతూ ఉండే పిల్ల. క్యాంటీన్‌లో నలుగురి వాటా తిని, బెల్లు కొట్టేదాకా పకపకలాడుతూనే ఉంటుంది. ఆ పిల్ల కాదమ్మా అన్నాను. "బయటికి అలాగే కనపడతారే. నీకు తెలీదు" అంది అమ్మ. నాకు తెలీదట.

సోమవారం స్కూలు వదిలేసరికి అమ్మ గేటు బయట నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది. నేను దగ్గరికెళ్లాను. నా భుజం మీంచి వెనక వచ్చే పిల్లల మొహాలు ఒక్కొక్కటీ వెతుకుతూ, "నువ్వు ఇంటికెళ్లవే, నాకు చిన్న పనుంది" అంది. ఆ పొద్దున నాకు అది రెండుసార్లు వచ్చింది. మధ్యాహ్నం బాత్రూంలో గోడకి వీపు ఆనించి ఒక పీరియడ్ మొత్తం నిలబడ్డాను. కళ్లు వాచే ఉండి ఉంటాయి. నేను ఇంటికి వెళ్లలేదు. సైకిలు స్టాండు పక్కన నిలబడి చూశాను.

ఎడిటర్ గారమ్మాయి రాగానే అమ్మ ఎదురెళ్లి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. మాటలు వినపడలేదు గానీ అమ్మ మొహం కనపడుతోంది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. పెన్ను లేదు, కాగితం లేదు, తొందర లేదు. ఆ పిల్ల ముందు బిత్తరపోయింది, తర్వాత తల అడ్డంగా ఊపింది, తర్వాత అమ్మ కళ్లు తుడుస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది. నాకూ వాళ్లకీ మధ్య నాలుగు సైకిళ్లున్నాయి.

మర్నాడు ఆ పిల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మీ అమ్మ నన్నెవరో అనుకున్నారే. నేను బానే ఉన్నా ఆంటీ అంటే కూడా ఒకటే ఏడుపు. నీకెప్పుడు భయమేసినా నాకు చెప్పమ్మా అన్నారు." "నువ్వెంత లక్కీయో!" అంది. అవునని నవ్వాను. దవడలు నొప్పెట్టాయి.

ఆ ఆదివారం శీర్షికలో వేరే ఉత్తరాలేవీ లేవు. 'అడ్రసు లేని అమ్మాయికి' అని అమ్మ నాలుగు ముక్కలు రాసింది. నీకు సలహా ఏమీ చెప్పను, కారణాలు అడగను, నీ పేరు అక్కర్లేదు, ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యి అని. కింద తన సొంత ఫోన్ నంబరు ఇచ్చింది. ఆఫీసువాళ్లు వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదట. బాగా రాసింది. శనివారం దానికి నేనే టిక్కు పెట్టాను.

ఇక మా ఇల్లు ఇల్లులా లేదు. ఊళ్లో పనీపాటా లేని వాళ్లందరూ ఫోన్లు. నిజంగా బాధలున్నవాళ్లు కూడా చేశారు, పాపం. అమ్మ అందరితోనూ మాట్లాడింది. పెట్టేశాక ప్రతిసారీ "ఆ పిల్ల కాదు" అనేది. ఫోను పట్టుకునే వంట, పట్టుకునే స్నానం. బాత్రూంలో సబ్బు పక్కన దానికోసం చోటు చేసింది. "మీరిద్దరూ ఈ వారం నాకు ఫోన్ చేయకండి" అని నాన్నకీ నాకూ గట్టిగా చెప్పింది. "ఆ పిల్ల ధైర్యం కూడదీసుకుని చేసినప్పుడు ఎంగేజ్ వచ్చిందనుకో, మళ్లీ చేయదు." నిజమే, మళ్లీ చేయదు. ఆ పిల్ల గురించి అమ్మకి అన్నీ తెలుసు.

గురువారం కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. ల్యాబు రెండో అంతస్తులో ఉంటుంది. బయటి స్కూలు నుంచి పరీక్షకురాలు వచ్చింది. పది మందిని లోపలికి పిలిచి తలుపు వేశారు. నా ముందు బర్నరు, స్టాండులో ఆరు గాజు గొట్టాలు, తెల్లటి పొడి ఉన్న పొట్లం. అది ఏ లవణమో కనిపెట్టాలి. పొట్లం విప్పాను. పిడికిలి వచ్చింది. రోజూ వచ్చేలా కాదు, ఈసారి ఛాతీ మొత్తం పట్టుకుంది. గాజు గొట్టం చేతిలోంచి జారి నేల మీద ముక్కలైంది. అందరూ తిరిగి చూశారు. ఎవరో "కిటికీ తెరవండి" అన్నారు. కిసుక్కుమని నవ్వులు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను.

వరండాలో ఎవరూ లేరు. మెట్ల పైన ఆగాను. కింది మలుపు దాకా పద్నాలుగు మెట్లు. ఎప్పుడూ ఊరికే అనిపించి పోయేది, ఆ రోజు పోలేదు. ఒక్క కాలు సరిగ్గా వేయకపోతే చాలు. పరీక్ష ఉండదు, గేటు ఉండదు, శనివారం ఉండదు. ఎవరూ ఎందుకని అడగరు, మెట్లు తడిగా ఉన్నాయనుకుంటారు. నా కాలి వేళ్లు మెట్టు అంచు దాటి ఉండటం చూసుకున్నాను. అప్పుడు నా మీద నాకే ఎంత భయమేసిందంటే, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, ముసలివాళ్లలా ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి, మొత్తం దిగేదాకా వదల్లేదు.

కింద మొదటి గది ఆఫీసు. క్లర్కు మేడం రిజిస్టరులో గీతలు కొట్టుకుంటోంది.

"ఏం సర్టిఫికెట్టు కావాలి?" అంది, చూడకుండా.

"ఫోన్ చేసుకోవాలండీ. ఇంటికి."

అప్పుడు తల ఎత్తింది. ఏం కనపడిందో, మారు మాట్లాడకుండా ఫోను నా వైపు జరిపింది. నంబరు నొక్కాను. సగం రింగు కూడా పూర్తి కాలేదు.

"చెప్పమ్మా" అంది అమ్మ. మెల్లగా, మెత్తగా. "వింటున్నాను. తొందరేం లేదు. ఏడుపొస్తే ఏడువు, నేను పెట్టేయను."

సైకిళ్ల అవతల ఆ రోజు వినపడని గొంతు ఇదే. కాసేపు అలాగే విందామనుకున్నాను, ఎవరో పిల్లలాగా. కానీ ఇంకొకరి కోసం దాచినది దొంగతనంగా తింటున్నట్టనిపించింది.

"అమ్మా, నేను."

"పండూ? నువ్వా?" గొంతు ఒక్క క్షణంలో మామూలుదైపోయింది. "ఇదెవరి నంబరే? పరీక్ష లేదూ? ఏం మర్చిపోయావు, రికార్డా? చెయ్యొద్దని చెప్పానా లేదా! ఆ పిల్ల చేస్తుందేమో, లైను ఖాళీగా ఉంచాలి. తొందరగా చెప్పు."

క్లర్కు మేడం చేతిలో పెన్ను ఆగిపోయింది.

"చెప్పవే! పెట్టేయనా?"

"ఆ పిల్లే చేసిందమ్మా" అన్నాను.

"ఏంటి?"

"ఆ పిల్లే మాట్లాడుతోంది."

ఎన్నాళ్ల నుంచి అని అడుగుతుందని ఎదురుచూశాను. ప్రతి జవాబులోనూ మొదట ఆ ప్రశ్నే ఉంటుంది. తర్వాత, నాకెందుకు చెప్పలేదు అంటుంది. రెండుసార్లు చెప్పానని ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. ఆవిడ ఏదీ అడగలేదు. అటు కుర్చీ పడిపోయిన శబ్దం మాత్రం వచ్చింది.

"ఎక్కడున్నావు?"

"ఆఫీసు గదిలో."

"మెట్ల మీద లేవు కదా?"

"లేను. దిగేశాను."

"కూర్చో. కింద కూర్చో, నేల మీద. కూర్చున్నావా?"

"కూర్చున్నాను." రిజిస్టర్ల బీరువాకి వీపు ఆనించి కూర్చున్నాను. క్లర్కు మేడం ఫోను తీగ సాగదీసి నా ఒళ్లోకి దింపింది.

"పెట్టకు. నేను వస్తున్నా, పెట్టకు."

తలుపు తీసిన శబ్దం. వేసిన శబ్దం రాలేదు. వీధిలో హారన్లు. ఎవరో "ఉత్తరాలమ్మగారూ, చెప్పుల్లేకుండా ఎక్కడికి?" అని కేకేశారు. అమ్మ పలకలేదు. ఆవిడ నోట్లోంచి ఒక్క మంచి వాక్యం కూడా రావడం లేదు. పది అడుగులకోసారి "ఉన్నావా?" అంటోంది, అంతే. నేను "ఉన్నాను" అంటున్నాను. అంతకంటే నాకూ చేతకావడం లేదు. గొంతు ఇంకా పట్టేసే ఉంది. ఫోనులో అమ్మకి కూడా ఊపిరి అందడం లేదు. పరిగెడుతోంది.